పనస పడే దిక్కు

చెట్టు కొట్టడం గురించి మా ఊరి మగవాళ్ళకి తెలిసింది ఒక్కటే, అది చివరికి కింద పడుతుందని. ఎటు పడుతుంది, దేని మీద పడుతుంది అన్న ప్రశ్నలు వాళ్ళకి చెట్టు పడ్డాకనే వస్తాయి. అప్పుడు నలుగురూ చేరి, చేతులు వెనక్కి కట్టుకుని, తప్పంతా గాలి మీదకి తోసేస్తారు.

ఇది కోపంతో అంటున్న మాట కాదు, చూసి అంటున్నాను. మా అక్క భర్త, అంటే మా బావ, టెక్కలిలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గరుండి కొట్టించిన చెట్లు నాకు తెలిసి రెండు. మొదటిది వాళ్ళ పెరట్లో మామిడి, అది స్నానాలగది రేకుల మీద పడింది. రెండోది పక్కింటివాళ్ళ వేప. అది కరెంటు తీగల మీద పడి, వీధి వీధంతా రెండు రోజులు విసనకర్రలు పట్టుకుని కూర్చుంది. ఇంత అనుభవం గడించాక ఊరు ఆయన్ని చెట్ల విషయంలో పెద్దమనిషిని చేసింది. ఎవరికి ఏ చెట్టు అడ్డొచ్చినా ఆయన్నే పిలుస్తారు. ఆయన వచ్చి, మానుని అరచేత్తో రెండుసార్లు తట్టి, గేదెని బేరమాడే మనిషిలా తల పంకిస్తాడు.

నేను పలాసలో లెక్కల టీచర్ని. మా నాన్న పోయేముందు ఊళ్ళో ఇంటిస్థలం అక్కకి, ఉద్దానంలో అరవై సెంట్ల తోట నాకు రాశాడు. ఇంటిస్థలంలో నేను ఎప్పుడూ ఒక మేకు కూడా కొట్టలేదు. తోటలో మాత్రం బావ మాట చెల్లని రోజు లేదు. ఎవరైనా జీడిగింజలు ఏరడానికి వచ్చినా ఆయన్నే అడిగేవారు. నేను పక్కనే నిలబడి ఉండేదాన్ని.

తోట మధ్యలో పెద్ద పనస. ఇద్దరు చేతులు చాపి పట్టుకుంటే గాని అందని మాను. కొన్నేళ్ళ కిందటి తుఫానుకి తోటలో పాత కొబ్బరిచెట్లన్నీ పోయాయి. పనస పోలేదు. సముద్రం వైపు నుంచి వచ్చిన గాలికి తూర్పున వేళ్ళు కొంచెం లేచి, మాను పడమరకి ఒరిగి ఆగిపోయింది. పడమటి వైపు పెద్దకొమ్మలు రెండూ విరిగిపోయాయి.

ఆ మరుసటి ఏడు నేను పనసకి తూర్పున ఖాళీ పడ్డ చోట పదకొండు కొబ్బరి మొక్కలు నాటాను. నాటిన రోజు మా చుట్టాలు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళందరి ముందూ బావ అన్నాడు, "పంతులమ్మ నాటితే కొబ్బరి కాయదర్రా, ప్రశ్నపత్రాలు కాత్తాది." అయిదుగురు నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను. అందులో ఇద్దరు పోయారు. పోయారని జాబితాలోంచి తీసెయ్యలేదు.

ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి నీళ్ళు పోశాను. ఎండాకాలం ఆ ఇసకనేలలో బిందెడు నీళ్ళు పోస్తే రెప్పపాటులో మాయమవుతాయి. కొమ్ముపురుగు పడితే మొవ్వులోంచి, అంటే నడినెత్తి చిగురులోంచి, ఇనపకమ్మీతో లాగి చంపాను. ఈ ఏడాది నాలుగు చెట్లకి మొదటి పూత పొత్తు పొడుచుకొచ్చింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే చూడ్డానికి వచ్చేవాళ్ళు తక్కువ, తడిమి విరిచేవాళ్ళు ఎక్కువ.

పనసతో చిక్కు ఈ వేసవిలో మొదలైంది. పడమటి కొమ్మలు పోయాక ఆ చెట్టు బలమంతా తూర్పుకి పెట్టింది. అటు వెలుతురు ఉంది కదా. రెండు మహా కొమ్మలు, ఒక్కోటీ ఒక చెట్టంత, సరిగ్గా నా కొబ్బరి వరసల మీదికి చాచి ఉన్నాయి. మే నెలలో ఒక ఆదివారం చూస్తే మాను మొదట్లో నేల పగిలి ఉంది. బెత్తెడు పగులు, పడమటి వైపు. వారం తరువాత అందులో నా అరచెయ్యి పట్టింది. మళ్ళీ గాలులు మొదలయ్యేలోగా ఆ చెట్టుని దించకపోతే అదే దిగుతుంది, తనకి నచ్చిన చోట.

జీడి కొమ్మ విరిగితే చిగురేస్తుంది. మామిడి సగం చీలినా బతుకుతుంది. కొబ్బరి అలా కాదు. దానికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది నలిగిందా, చెట్టు నిలబడే చచ్చిపోతుంది. మూడునెలలపాటు మట్టలు ఒక్కొక్కటే వాలిపోతుంటే చూస్తూ ఉండాలి. ఉద్దానంలో పుట్టిన ఎవరికీ ఇది చెప్పనక్కర్లేదు. అయినా మా బావకి చెప్పాల్సి వచ్చింది.

అక్కకి ఫోనులో నోరు జారాను. మరుసటి ఆదివారం నేను తోటకి వెళ్ళేసరికి బావ ముందే వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన కోటబొమ్మాళి వైపు నుంచి వచ్చిన కోతమిషను అతను. భుజాన మిషను, చేతిలో స్టీలు క్యారేజీ.

"రా మరదలా. అరగంట పని. మొదట్లో ఓ కోత, పడమరకి ఒరుగుతాది, అయిపోయె" అన్నాడు బావ.

"పడమరకి పడదు బావా. తూర్పుకి పడతాది."

బావ మిషను అతని వైపు చూసి నవ్వాడు. "ఇనండి. పంతులమ్మగోరు దిక్కులు కూడా మార్చీసినారు."

"మాను ఒక్కటీ సూడకు, పైన సూడు. బరువంతా అటు ఉన్నాది."

"ఏటి సూడాల? కళ్ళు నేవేటి నాకు? మాను ఎటు ఒరిగుంటే అటే పడతాది. తుఫానుకి ఊళ్ళో సెట్లన్నీ ఎటు పడ్డాయి? పడమరకే గదా. సముద్రమొడ్డున సెట్టు పడమరకే పడతాది మరదలా, అది సెట్టుకి తెలుసు."

మా ఊరికి ఆ ఒక్క తుఫాను నేర్పిన పాఠం ఇది. ఒకరోజు అన్ని చెట్లూ పడమరకి పడ్డాయి కాబట్టి, చెట్టన్నది ఇక జన్మలో పడమరకే పడాలి. ఆ రోజు తోసింది గాలి అని, ఈ రోజు గాలి లేదని వాళ్ళకి ఎక్కదు. ఊళ్ళో ముగ్గురు ఈ లెక్క మీదే చెట్లు కొట్టించి పక్కవాళ్ళ తోటల్లో దండుగ చేశారు. ముగ్గురూ ఇంకా అదే లెక్క చెప్తున్నారు.

పగులు చూపించాను. "పడమటి వైపు నేల పగిలింది కదా. తూర్పుకి లాగుతుంటేనే ఎనకాల పగులు ఇడిసేది. కుర్చీలో ముందుకి ఒంగితే ఎనక కాళ్ళు గదా లేస్తాయి?"

"పగులు ఎటుంటే అటే పడతాది" అన్నాడు బావ. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

నా సంచిలో తాళంకప్ప ఉంది. దానికి దారం కట్టి వేలాడదీశాను. ఆ దారాన్ని చెయ్యి చాపి కంటికెదురుగా పట్టుకుని, ముందు ఉత్తరం నుంచి, తరువాత దక్షిణం నుంచి చెట్టుని చూశాను. దారం మాను మొదట్లో పెడితే, తలలో మూడొంతులు తూర్పుకే తేలింది. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే సంగతి. మిషను అతన్ని చూడమన్నాను. అతను చూశాడు, చాలాసేపు చూశాడు. చూసి బావ ముఖం చూశాడు. "అయ్యగోరు సెప్పినట్టే మేడమ్, పడమరకే" అన్నాడు.

"అయిందా?" అన్నాడు బావ. "తాళాలూ దారాలూ బళ్ళో ఆడుకో. ఆడదాయి సెట్టు కొట్టించిన ఊరు ఎక్కడైనా ఉన్నాదా? పక్కకి జరుగు."

నేను జరిగాను. జరిగి చూస్తూ నిలబడ్డాను. మిషను అతను మిషనుకి నూనె పోశాడు. తాడు తీసి మళ్ళీ పెట్టేశాడు. అప్పుడు ఒక పని చేశాడు. వచ్చినప్పుడు అతను క్యారేజీని కొబ్బరిచెట్టు మొదట్లో, నీడలో పెట్టాడు. ఇప్పుడు మెల్లిగా వెళ్ళి దాన్ని తీసి, ఉత్తరాన బావిగట్టు మీద, ఎర్రటి ఎండలో పెట్టి వచ్చాడు. నీళ్ళ సీసా కూడా పెట్టాడు. చెప్పులు కూడా.

నోటితో పడమర అన్న మనిషి తన అన్నాన్ని మాత్రం తూర్పున ఉంచే ధైర్యం చెయ్యలేదు.

"అన్నం ఎండలో పెట్టావేం?" అని అడిగాను.

"అక్కడ సీమలు మేడమ్."

నేను బావిగట్టు దగ్గరికి వెళ్ళాను. క్యారేజీ తెచ్చి కొబ్బరిచెట్టు మొదట్లోనే, ఎక్కడుందో అక్కడే పెట్టాను. సీసా పెట్టాను. చెప్పులు జతగా పెట్టాను. "చీమల్లేవు, చూశాను. చెట్టు పడమరకి కదా పడేది. ఇక్కడ నీ అన్నానికేం భయం లేదు. ఇప్పుడు కొయ్యి" అన్నాను.

అతను మిషను స్టార్టు చెయ్యలేదు. క్యారేజీ వైపు చూశాడు, బావ వైపు చూశాడు.

"కొయ్యరా, ఏటి సూత్తన్నావు?" అన్నాడు బావ.

"బావా, నీ కుర్చీ కూడా ఇలా తెచ్చుకో. నీడగా ఉన్నాది" అన్నాను.

బావ కుర్చీ కదపలేదు. మిషను అతను మిషను కింద పెట్టేశాడు. "కొమ్మలు దించాల బాబూ. మొదలు కొడితే తిరగబడిపోద్ది. నాను సెట్టెక్కీవోణ్ణి కాను" అని చిన్నగా అన్నాడు. ఈ ముక్క ఆ దారం చూసినప్పుడే అని ఉంటే నాకు ఒక పూట కలిసొచ్చేది. అతన్ని నేను మెచ్చుకోలేదు. క్యారేజీ బావిగట్టు మీదే ఉండి ఉంటే, నా కొబ్బరి మీదికి చెట్టు కొట్టి కూడా ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉండేవాడు.

బావ కుర్చీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నీ సెట్టు నువ్వే కొట్టించుకో. ఊళ్ళో ఒక్కడు ఎక్కితే నన్నడుగు" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఆ వారం నేను ఊళ్ళో నలుగురిని అడిగాను. ఒకడికి నడుంనొప్పి, ఒకడికి పెళ్ళి, ఒకడికి పనస జిగురు పడదు. నాలుగోవాడు నిజం చెప్పాడు, "మీ బావగోరు మాటంటారమ్మా" అని. మగతనం గురించి రోజుకి పదిసార్లు మాట్లాడే ఊరు ఇది.

జలంత్రకోట వెళ్ళి ఒక ముసలాయన్ని పట్టుకొచ్చాను. చెట్టెక్కడమే పనిగా బతికిన మనిషి. ఆయన మర్యాదస్తుడేం కాదు. నేను దారం తీసేసరికి, "అది నోపల పెట్టుకో అమ్మా. నాను కొమ్మ సూత్తాను, నువ్వు కింద మనుసుల్ని సూడు" అన్నాడు. అయినా మానుని ముట్టుకోకుండా, ముందు చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి తల ఎత్తి చూశాడు. మా ఊళ్ళో అడక్కుండానే తల ఎత్తిన మొదటి మనిషి. "తూర్పుకి లాగేత్తంది" అని తనలో తను అనుకున్నాడు. నన్ను అవమానించినా నేను క్షమించిన వాళ్ళు తక్కువ. ఆయన్ని క్షమించాను.

మొదటి రోజు చెట్టు జోలికే పోలేదు. పదకొండు కొబ్బరిచెట్ల మట్టలన్నీ పైకి లేపి, జడ కట్టినట్టు కొబ్బరితాడుతో కట్టాం. మొవ్వు చుట్టూ గోనెపట్టాలు చుట్టాం. ఆ కట్టిన చెట్లు చూసి దారినపోయేవాళ్ళు, "ఏటి పంతులమ్మా, పెళ్ళికి తీసుకెల్తన్నావేటి?" అని నవ్వారు. ముగ్గురు. వాళ్ళనీ గుర్తుపెట్టుకున్నాను.

రెండోరోజు నుంచి కొమ్మలు దించాడు. చేతులకి, కత్తికి, తాడుకి ఆముదం రాసుకుని ఎక్కేవాడు. లేకపోతే పనస పాలు జిగురై తాడు చేతికి అతుక్కుపోయి, వదలాల్సినప్పుడు వదలదు. పైకొమ్మల నుంచి మొదలు. కొయ్యబోయే కొమ్మకి మోకు కట్టి, ఆ మోకుని పైన గట్టి పంగలోంచి వేసి, కిందకి తెచ్చి ఒక జీడిమొదలుకి రెండు చుట్లు తిప్పించాడు. ఆ చివర పట్టుకోడానికి ఆయన తనతో తెచ్చుకున్న మనుషులు ఇద్దరు. కొమ్మని ముందు కిందవైపు నుంచి కొంచెం కోసేవాడు, తరువాత పైనుంచి. అలా కొయ్యకపోతే విరిగేటప్పుడు బెరడు చీరుకుంటూ మానుదాకా పోతుంది, కొమ్మ ఎటు తిరుగుతుందో తెలీదు. "ఇడు... ఇడు... ఆపు" అని పైనుంచి కేక. కొమ్మ బరువుకి మోకు జీడిమొదలు మీద కిర్రుమంటూ జారేది. ఆ శబ్దానికి నా పళ్ళు నొప్పి పుట్టేవి.

మూడోరోజు మధ్యాహ్నం పెద్దకొమ్మ. రెండు మహా కొమ్మల్లో పైన ఉన్నది. దాని కిందే పొత్తు వేసిన ఆ నాలుగు కొబ్బరిచెట్లు. సగం కోసేసరికి అది ఆగకుండా ఊగింది. మోకు పట్టుకున్నవాళ్ళలో ఒకడి కాళ్ళు ఇసకలో జారాయి. కొమ్మ వడివడిగా దిగి, రెండో వరసలో మొదటి చెట్టు తల పక్కనుంచి రాసుకుంటూ పోయింది. కట్టిన మట్టల్లో రెండు ఫెళ్ళుమన్నాయి. ముసలాయన పైనుంచి తిట్టిన తిట్లు రాయలేను. మోకు మళ్ళీ బిగిసింది. కొమ్మ నేలకి నాలుగడుగుల ఎత్తున ఆగి, ఉయ్యాలలా ఊగుతూ నిలబడింది.

నేను నిచ్చెన వేసుకుని ఎక్కి గోనెపట్టా విప్పాను. పట్టా చిరిగింది. లోపల రెండు మట్టలు విరిగాయి. మొవ్వు పచ్చగా, సూదిలా, నిటారుగా ఉంది. పక్కన పొత్తు కూడా ఉంది. కిందకి చూసి, "ఉన్నాది" అన్నాను.

"ఉంటే దిగమ్మా, ఇంకో కొమ్మ ఉన్నాది" అన్నాడు ముసలాయన.

ఆ సాయంత్రానికి కొమ్మలన్నీ దిగాయి. మిగిలింది వట్టి మాను. తలమీద బరువేమీ లేని మాను. మూడోరోజు కొమ్మ దించేటప్పుడు ఊళ్ళోంచి ఒక్క పురుగు రాలేదు. నాలుగోరోజు పొద్దున్న మాను కొడతారని తెలిసి పదిహేనుమంది వచ్చారు. బావ కూడా వచ్చాడు, కుర్చీతో సహా.

తల పోయింది కాబట్టి ఇప్పుడు మాను తన ఒరుగుడు తను చూసుకుంటుంది. తుఫాను ఒంచిన ఒరుగుడు, పడమరకి. అటు జాగా ఖాళీ. ముసలాయన పడమటి వైపు లోతుగా నోరు తెరిచినట్టు గాటు పెట్టాడు. వెనక నుంచి ఆయన మనుషులిద్దరూ రంపం లాగారు. మాను కొంచెంసేపు ఆలోచించినట్టు ఆగి, మూలిగి, పడమరకి పడింది. ఇసక పైకి లేచింది.

ఆ ఇసక ఇంకా కిందకి దిగకముందే బావ కుర్చీలోంచి లేచాడు.

"నానేటి సెప్పినాను?"

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఏటి సెప్పినాన్రా? పడమరకి పడతాది అన్నానా నేదా? ఈవిడేటంది? తూర్పంది. నాలుగురోజులు ఏడిపించుకుతిన్నాది ముసిలోణ్ణి. అరగంట పని."

"అయ్యగోరు సెప్పినట్టే పడిందర్రా" అన్నాడు నడుంనొప్పివాడు. నడుం అప్పుడు బాగానే ఉంది.

"కొమ్మలు తీసేసాం కాబట్టి ఇటు పడింది" అన్నాను. "తల ఉండగా కొడితే అటే పడేది. బరువు మారిపోలేదా?"

"పడ్డాక కూడా తూర్పే అంటన్నాది సూడండి" అని బావ చప్పట్లు కొట్టి నవ్వాడు. పదిహేనుమందీ నవ్వారు. బళ్ళో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. చివరి మెట్టు మాత్రమే చూసి జవాబు రాసే పిల్లల్ని చూశాను. వాళ్ళకైనా పరీక్ష పోతుంది. వీళ్ళకి పరీక్షే ఉండదు.

నేను ముసలాయన వైపు తిరిగాను. "చెప్పు తాతా. మొదటిరోజు నువ్వేమన్నావు? ఎటు లాగుతుందన్నావు?"

ఆయన మోకు చుట్టుకుంటున్నాడు. మోచేతి నుంచి బొటనవేలికి, మోచేతి నుంచి బొటనవేలికి. బావ వైపు చూశాడు. పదిహేనుమంది వైపు చూశాడు. ఈ ఊళ్ళో ఇంకా కొట్టాల్సిన చెట్లు చాలా ఉన్నాయి, అవన్నీ బావ చెప్తేనే దొరికే పనులు.

"పడాల్సిన కాడ పడింది కదమ్మా. ఇంకేటి?" అన్నాడు.

క్షమించానన్న మాట వెనక్కి తీసుకున్నాను.

వాళ్ళంతా పడ్డ మాను మీదెక్కి, ఎన్ని తలుపులొస్తాయో, ఎన్ని పీటలొస్తాయో మాట్లాడుకుంటున్నారు. తూర్పు వైపు ఎవరూ చూడలేదు. నేను ఒక్కదాన్నే వెళ్ళి పదకొండు చెట్ల కట్లూ విప్పాను. తాడు విప్పగానే ఒక్కో చెట్టు మట్టలు దులుపుకుని కిందకి వాలి పరుచుకున్నాయి. పదకొండూ ఉన్నాయి. రెండు మట్టలు తక్కువ, అంతే.

ఇప్పుడు బావ టీ బడ్డీ దగ్గర ఆ పనసని తనే పడగొట్టించినట్టు చెప్తున్నాడట. జనం వింటున్నారట. నేను ఒకసారి అక్కడికి వెళ్ళి, అందరి ముందూ దారం తీసి, తాళంకప్ప వేలాడదీసి, మొదటి నుంచి చెప్పాను. ఎవరూ వినలేదు. రెండోసారి వెళ్ళి మళ్ళీ చెప్పాను. మా అక్క ఫోను చేసి, "ఎందుకే, చెట్లు బతికాయి కదా, ఒగ్గేయ్" అంది.

చెట్లు బతికాయి కాబట్టే ఒగ్గను. చచ్చి ఉంటే నేను చెప్పిందే నిజమని ఊరంతా ఒప్పుకునేది. వచ్చే ఆదివారం మళ్ళీ టీ బడ్డీ దగ్గరికి వెళ్తాను.